.32లో ఒక్క చోటే ఖాళీ ఉంది: పీపీకేనా, హెచ్ఎస్‌సీనా, కోల్ట్ 1903నా?

బసవనగుడి_32 (బెంగళూరు)

అందరికీ నమస్కారం. నా లైసెన్సులో ఒక చోటు 12 బోర్ తుపాకీతో నిండింది. రెండో చోటుకి .32 పిస్టల్ (.32 అంటే తూటా సైజు, దాన్నే 7.65 మి.మీ. అంటారు) అనుమతి చేతికొచ్చింది. ఇక్కడ మూడు చూపిస్తున్నారు, మూడూ పాత లైసెన్సుదారుల ఇళ్ళ నుంచి వస్తున్నవే.

మొదటిది వాల్తర్ పీపీకే. జెల్లా-మేలిస్ (వాల్తర్ ఫ్యాక్టరీ ఉన్న జర్మన్ ఊరు) ముద్ర ఉంది, నంబరు చివర ‘కే’ అక్షరం ఉంది, గద్ద బొమ్మ ఉన్న గ్రిప్ (పిడి తొడుగు) వేసి ఉంది. రెండోది మౌజర్ హెచ్ఎస్‌సీ. మొదటి బ్యాచిలోని ‘కింది స్క్రూ’ రకమని అమ్మే వాళ్ళ మాట. మూడోది కోల్ట్ 1903, బ్యారెల్ 3¾ అంగుళాలు, మూతి దగ్గర బుషింగ్ (బ్యారెల్‌ని పట్టి ఉంచే ఉంగరం) లేదు, ఒళ్ళంతా నికెల్ మెరుపు.

మూడింటికీ ‘లిమిటెడ్ ప్రొడక్షన్’ అనే చెబుతున్నారు. కాల్చడం ఎప్పుడో ఒకసారి, ముఖ్యంగా సేకరణకే. ఏది తీసుకోవాలి, ఏం చూసి తీసుకోవాలి? ఇంకోటి, సీక్యాంప్, రోర్‌బా, పీ7కే3 లాంటి విదేశీ అరుదైన చిన్న పిస్టళ్ళ పక్కన పెడితే ఇవి ఎక్కడ నిలుస్తాయి?

మైలాపూర్_మాష్టారు (చెన్నై)

ముందు ఆ ‘లిమిటెడ్’ మాట పక్కన పెట్టండి సార్. కోల్ట్ 1903 మోడల్ .32లో 1903 నుంచి 1945 దాకా సుమారు 5,70,000 తయారయ్యాయి. హెచ్ఎస్‌సీ రెండో ప్రపంచ యుద్ధకాలంలోనే రెండు లక్షలు దాటింది. పీపీకే 1931లో మొదలై దశాబ్దాల తరబడి నడిచింది, యుద్ధం తర్వాత ఫ్రాన్సులో మనూరిన్ కూడా చేసింది. తయారీ లెక్కన చూస్తే ఈ మూడింటిలో ఏదీ అరుదు కాదు.

మన దగ్గర కరువు వేరే చోట ఉంది. 1980ల మధ్యలో మామూలు మనుషులకి తుపాకుల దిగుమతి ఆగిపోయింది. అప్పటికి దేశంలో ఉన్నవే ఇప్పటికీ చేతులు మారుతున్నాయి. వాటిలో సగం చేతుల్లో అరిగిపోయాయి, మిగిలిన వాటిలో చాలావరకు ఎవరో ఒకరు ‘కొత్తగా చేయిస్తాను’ అని పాలిష్ కొట్టించారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పైపూత అలాగే ఉండి, స్లైడూ (పైన జారే భాగం) ఫ్రేమూ (కింది దేహం) బ్యారెలూ ఒకే జతవై, మ్యాగజైను (తూటాలు నింపే పెట్టె) అసలుదై, కాగితాలు సరిగ్గా ఉన్న .32 దొరకడమే ఇక్కడ నిజమైన అరుదు. ఏ పేరున్న పిస్టలైనా ఈ నాలుగూ చూశాకే ధర మాట్లాడాలి.

కింది స్క్రూ హెచ్ఎస్‌సీ మాత్రం నిజంగా అరుదైన రకమే. హెచ్ఎస్‌సీ నంబర్లు 7,00,001 దగ్గర మొదలయ్యాయి. మొదటి సుమారు 1,350 పిస్టళ్ళకే గ్రిప్ స్క్రూ అడుగు వైపు ఉంటుంది, ఆ తర్వాత గ్రిప్ మధ్యకి జరిగింది. మీరు చూసినదాని నంబరు చెప్పండి, ఆ ఒక్క అంకెతో సగం తేలిపోతుంది.

స్టీలు_నూనె (బెంగళూరు)

చూడ్డానికి వెళ్ళే ముందు ఒక క్రమం పెట్టుకోండి. మ్యాగజైను తీయాలి, స్లైడు వెనక్కి లాగాలి, చాంబరులోకి (కాలబోయే తూటా కూర్చునే చోటు) కంటితో చూడాలి, చిటికెన వేలితో తడిమి చూడాలి. మీరు కూర్చుని చూసే గదిలోనే తూటాలు ఉండకూడదు. ఇది అయ్యాకే మిగతా ఏ పరీక్షైనా.

బ్యారెల్‌లోకి వెనుక నుంచి టార్చి వేసి మూతి వైపు నుంచి చూడండి. రైఫ్లింగ్ (బ్యారెల్ లోపలి మెలికల గాడులు) అంచులు పదునుగా కనిపించాలి. మధ్యలో ఎక్కడైనా గుండ్రంగా నల్లటి నీడ ఉంగరంలా కనిపిస్తే బ్యారెల్ అక్కడ ఉబ్బిందని అర్థం. ఒక బుల్లెట్ ఇరుక్కుని ఉండగా వెనుక ఇంకోటి కాల్చినప్పుడు అలా అవుతుంది. అలాంటిది ఎంత చవకైనా వద్దు. చిన్న చిన్న గుంటలు ఉంటే భయం లేదు, పాత తూటాల ప్రైమర్లలో తుప్పు తెచ్చే లవణాలు ఉండేవి, యుద్ధకాలపు పిస్టళ్ళలో అవి మామూలే. తర్వాత బ్రీచ్ ముఖం (తూటా అడుగుకి ఆనే స్లైడు భాగం) చూడండి. ఫైరింగ్ పిన్ (తూటా అడుగుని పొడిచే సూది) కంత చుట్టూ లోహం తినేసిన గుర్తులు ఎక్కువుంటే చాలా కాల్చారన్నమాట. స్లైడులో ఖోకా (తూటా లోహపు గొట్టం) బయటికి వచ్చే కిటికీ మూలల్ని భూతద్దంతో చూడండి, పగుళ్ళు మొదలయ్యేది మూలల్లోనే.

పీపీకేకి పెన్సిల్ పరీక్ష తప్పనిసరి. ఖాళీ పిస్టల్‌ని పైకి నిలబెట్టి, రబ్బరు ఉన్న పెన్సిల్‌ని రబ్బరు వైపు లోపలికి వెళ్ళేలా బ్యారెల్‌లోకి జార్చండి. మామూలు పెన్సిల్ .32 బ్యారెల్‌లో పడుతుంది. హ్యామర్ (పిన్‌ని కొట్టే సుత్తి) ఎక్కించి, సేఫ్టీని కిందికి తిప్పండి. హ్యామర్ పడుతుంది, పెన్సిల్ మాత్రం కదలకూడదు. ఇసుమంత ఎగిరినా డీకాకింగ్ (తూటా కాలకుండా హ్యామర్ దించే) భాగాలు అరిగాయి, హ్యామర్ దెబ్బ పిన్‌కి తగులుతోంది. ఆ పిస్టల్‌లో చాంబరులో తూటా ఉంచి సేఫ్టీ వేయడం అంటే చేజేతులా ప్రమాదం తెచ్చుకోవడమే. తర్వాత సేఫ్టీ తీసి ట్రిగ్గర్ నొక్కితే పెన్సిల్ గట్టిగా ఎగరాలి, లేదంటే పిన్నో స్ప్రింగో బలహీనపడింది.

హెచ్ఎస్‌సీలో సేఫ్టీ వేస్తే హ్యామర్ తనంతట పడదు. ఆ సేఫ్టీ ఫైరింగ్ పిన్‌ని పైకెత్తి హ్యామర్ దారిలోంచి తప్పిస్తుంది. కాబట్టి సేఫ్టీ వేసి, ట్రిగ్గర్‌తో హ్యామర్ వదిలి, అదే పెన్సిల్ పరీక్ష చేయండి. దీనికి మ్యాగజైను లోపల ఉండాలి, ఖాళీదే సుమా. మ్యాగజైను లేకపోతే హెచ్ఎస్‌సీ ట్రిగ్గర్ పని చేయదు, అది లోపం అనుకోకండి. ఇంకో సంగతి, స్లైడు వెనక నిలిచి ఉండగా మ్యాగజైను తోస్తే స్లైడు తనే ముందుకు కొడుతుంది. తెలియక కిటికీలో వేలు పెట్టి నలిపించుకునేవాళ్ళు ఉన్నారు.

కోల్ట్‌కి బయట హ్యామర్ కనిపించదు, లోపల ఉంది. పేరుకి ‘హ్యామర్‌లెస్’ గానీ హ్యామర్ లేనిది కాదు. పిడి వెనుక గ్రిప్ సేఫ్టీ నొక్కకుండా ట్రిగ్గర్ లాగి చూడండి, కదలకూడదు.

వైట్‌ఫీల్డ్_వి (బెంగళూరు)

విదేశీ అరుదైన వాటి సంగతి నేను చెబుతాను. ఇవి మన .32 లైసెన్సుదారులకి అందేవి కావు, ఎక్కువ భాగం 9 మి.మీ., అంటే మన దగ్గర నిషిద్ధ బోర్ (మామూలు లైసెన్సుకి ఇవ్వని సైజు). అయినా పోలిక కోసం తెలుసుకోదగ్గవే, ఎందుకంటే ‘తక్కువ తయారీ’ అనే మాట వెనక ఎంత సాంకేతిక ఇబ్బంది దాగి ఉంటుందో ఇవి చెబుతాయి.

సీక్యాంప్ ఎల్‌డబ్ల్యుఎస్ 32 అమెరికాలో 1985లో వచ్చింది. దాదాపు 325 గ్రాములు, పొడవు 108 మి.మీ., బ్యారెల్ 52 మి.మీ., సైట్లు (గురి చూసే గుర్తులు) లేవు. చిన్న వర్క్‌షాపు కావడంతో ఏళ్ళ తరబడి జనం వరుసలో ఉన్నారు, చేతికొచ్చిన రోజే రెట్టింపు ధరకి అమ్మేవారు. దీన్ని ఒక ప్రత్యేకమైన 60 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలత) హాలో పాయింట్ (మూతిలో గుంట ఉన్న) తూటా చుట్టూ కట్టారు. మామూలు గుండ్రటి మూతి తూటా దానికన్నా పొడుగు కాబట్టి మ్యాగజైనులోనే పట్టదు. ఇంత పొట్టి మ్యాగజైను కావడం వల్లే పిస్టల్ అంత చిన్నదయింది.

రోర్‌బా ఆర్9 కూడా చేతితో ఫిట్ చేసిన తరహాదే. 9 మి.మీ., సుమారు 383 గ్రాములు. రికాయిల్ స్ప్రింగ్‌ని (స్లైడుని తిరిగి ముందుకు తోసేది) ప్రతి 200 తూటాలకీ మార్చాలని తయారీదారే చెప్పాడు. అంత తేలిక స్లైడు, అంత పొట్టి ప్రయాణం, పైన 9 మి.మీ. శక్తి, మొత్తం భారం ఆ స్ప్రింగ్ మీదే పడుతుంది. 2014లో రెమింగ్టన్ ఆ కంపెనీని కొనేసింది. ఇలాంటిది సేకరణలో పెట్టుకుంటే పిస్టల్‌తో పాటు ఎన్ని స్ప్రింగులు వస్తున్నాయన్నదే మొదటి ప్రశ్న.

బోబర్గ్ ఎక్స్‌ఆర్9 ఇంకా విచిత్రం. తూటాని మ్యాగజైను నుంచి వెనక్కి లాగి, పైకెత్తి, ముందుకు తోస్తుంది. దాంతో అదే పొడవు పిస్టల్‌లో పొడుగు బ్యారెల్ పట్టింది. ఖోకాని వెనక్కి గుంజేటప్పుడు బుల్లెట్ పట్టు వదులుగా ఉంటే ఖోకా ఒక్కటే వచ్చి, బుల్లెట్ మ్యాగజైనులో ఉండిపోయి పౌడరంతా లోపల ఒలుకుతుంది. అందుకే పనికిరాని తూటాల జాబితా తయారీదారే ఇచ్చాడు. 2016లో ఆ డిజైను బాండ్ ఆర్మ్స్‌కి వెళ్ళింది.

సెమ్మర్‌లింగ్ ఎల్ఎం4ని కూడా చాలామంది ఈ జాబితాలో కలిపేస్తారు. 600కి లోపే తయారైంది, .45, చాలా చిన్నది. కానీ అది సెమీ ఆటోమేటిక్ కాదు. ప్రతి తూటాకీ స్లైడుని చేత్తోనే ముందుకు తోసి వెనక్కి లాగాలి.

పెరంబూర్_ఫిట్టర్ (చెన్నై)

పీ7కే3 గురించి ఒక మాట. హెక్లర్ అండ్ కోచ్ పీ7 కుటుంబం మొత్తం గ్యాస్‌తో స్లైడుని ఆపే పద్ధతి అని చదివి, కే3 కూడా అంతే అనుకుంటారు. 9 మి.మీ. పీ7లో చాంబరు ముందున్న కంత గుండా గ్యాస్ కింద సిలిండరులోకి వెళ్ళి, స్లైడుకి వేలాడే పిస్టన్‌ని తోసి, స్లైడు వెనక్కి రావడాన్ని ఆలస్యం చేస్తుంది. కే3లో గ్యాస్ వ్యవస్థ లేదు. .380, .32, .22 తూటాలకి అంత అవసరం లేదు, మామూలు బ్లోబ్యాకే (స్లైడు బరువూ స్ప్రింగూ మాత్రమే ఆపే పద్ధతి). గ్యాస్ పిస్టన్ స్థానంలో నూనె నింపిన బఫర్ పెట్టారు. ఆ బఫర్ సీలు ఏళ్ళు గడిచేకొద్దీ కారుతుంది. కారిన బఫర్‌తో స్లైడు దెబ్బ నేరుగా ఫ్రేముకి తగులుతుంది. కొత్త బఫర్ దొరకడం పిస్టల్ దొరకడం కన్నా కష్టం. అమ్మేవాడు మూడు క్యాలిబర్ల కిట్టు చూపిస్తే మురిసిపోకుండా ముందు బఫర్ మీద నూనె జాడ ఉందేమో చూడాలి.

కే3 తయారైన ఏడాది తెలుసుకోవడానికి జర్మన్ ప్రూఫ్ (తుపాకీ బలపరీక్ష) అక్షరాలు ఉన్నాయి. ఏ అంటే 0, బీ అంటే 1, అలా హెచ్ 7, ఐ 8, జే వదిలేసి కే 9. ‘ఐఈ’ అంటే 84, అంటే 1984. పక్కన దుప్పికొమ్ము గుర్తు ఉంటే ఉల్మ్ ప్రూఫ్ హౌసు.

తక్కువగా తయారైన వాటికి ఉన్న జబ్బు ఇదే. సంఖ్య తక్కువైతే విడి భాగాలూ తక్కువే. ఆ లెక్కన మీ మూడు పాత .32లు చాలా నయం, అన్నీ సాదా బ్లోబ్యాక్, లోపల అరిగేవి తక్కువ.

బసవనగుడి_32

అందరికీ ధన్యవాదాలు. మూడూ మళ్ళీ చూశాను, స్టీలు_నూనె గారి క్రమంలోనే.

పీపీకే: ఫ్రేము మీద నంబరు చివర కే ఉంది, స్లైడు మీద నంబరు వేరే. స్లైడు కుడి వైపు ప్రూఫ్ గుర్తు గద్ద కింద ఎన్. కిటికీలోంచి బ్యారెల్ మీద కనిపించేది కిరీటం కింద ఎన్. పెన్సిల్ డీకాకింగ్‌లో కదల్లేదు. గ్రిప్ వెనక వంపులో చిన్న చీలిక. గ్రిప్ మీద గద్ద బొమ్మ.

హెచ్ఎస్‌సీ: పిడి ముందు పట్టీ మీద నంబరు 76తో మొదలవుతుంది. స్క్రూ నడిమికే ఉంది. స్లైడు లోపలా బ్యారెల్ మీదా ఉన్న చివరి అంకెలు ఫ్రేముతో కలిశాయి. బ్లూ (ఉక్కు మీది నీలి నలుపు పూత) పలచబడింది, స్లైడు మూతి అంచుల్లో తెల్లగా తేలింది, మెరుగు పెట్టిన జాడ లేదు. స్లైడు పక్కల కట్టర్ గీతలు సన్నగా కనిపిస్తున్నాయి. మ్యాగజైను ఒకటే. పెన్సిల్ పరీక్ష సరిగ్గా వచ్చింది.

కోల్ట్: నికెల్ ఒత్తుగా ఉంది. గుర్రం బొమ్మ (కోల్ట్ ముద్ర) అంచులు మెత్తగా ఉన్నాయి. స్క్రూ కంతల అంచులు లోపలికి వాలినట్టున్నాయి. మ్యాగజైనుకి కూడా నికెల్ పూసి ఉంది. బ్యారెల్ మూడింటిలోకీ ఇదే శుభ్రం.

మైలాపూర్_మాష్టారు

పీపీకే మీకు వద్దు. వాల్తర్ వాళ్ళు 1940 దాకా కిరీటం-ఎన్ గుర్తు, తర్వాత గద్ద-ఎన్ గుర్తు కొట్టించారు. మార్పు జరిగిన నెలల్లో రెండూ ఒకే పిస్టల్ మీద కనిపించే అవకాశం ఉంది కాబట్టి, గుర్తులు తేడాగా ఉన్నాయని మాత్రమే కొట్టిపారేయకూడదు. కానీ స్లైడు నంబరూ కలవలేదన్నారు. ఆ రెండు తేడాలూ కలిపి చూస్తే ఇది ఒక పిస్టల్ ఫ్రేముకి ఇంకో పిస్టల్ స్లైడు వేసిందే. వాడుకోవడానికి పనికొస్తుంది, సేకరణకి కాదు.

గద్ద గ్రిప్ గురించి కచ్చితంగా చెబుతున్నాను. నాజీ ‘పార్టీ లీడర్’ గ్రిప్ అని పేరున్న రకం అది, ప్రపంచంలో ఎక్కువ నకళ్ళు వచ్చిన తుపాకీ భాగాల్లో ఒకటి. దాని పేరు మీద అడిగే అదనపు ధరకి పైసా ఇవ్వకండి. పీపీకే గ్రిప్ ఒకే ముక్క, వెనక పట్టీని కూడా చుట్టేస్తుంది. వాల్తర్‌లోనే పీపీ అనే ఇంకో మోడల్‌కైతే రెండు ముక్కలు, వెనక లోహం కనిపిస్తుంది. ఆ ఒంటి ముక్క బేకలైట్ (పాతకాలపు గట్టి ప్లాస్టిక్) వెనక వంపులోనూ స్క్రూ దగ్గరా చీలుతుంది, స్క్రూ బిగువు ఎక్కువైతే ముందు చీలేది అదే. అమ్మేవాడు చీలిక గురించి నోరు విప్పకుండా బొమ్మ గురించే చెబితే అనుమానించాలి.

స్టీలు_నూనె

కోల్ట్ విషయంలో మీరు చెప్పిన గుర్తులన్నీ ఒకే మాట చెబుతున్నాయి. గుర్రం అంచులు మెత్తబడటం, స్క్రూ కంతలు పళ్ళెంలా వాలడం పాలిషింగ్ వీల్ కింద పెట్టిన తుపాకీ లక్షణాలు. గుంటలు పోగొట్టడానికి చక్రం మీద రుద్దారు, రుద్దిన మచ్చ కప్పడానికి నికెల్ పూశారు. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. ఫ్యాక్టరీ నికెల్ కోల్ట్‌లు ఉన్నాయి, కానీ ఫ్యాక్టరీ పూతలో అక్షరాలు కత్తితో కోసినట్టుంటాయి. మ్యాగజైను పాత కోల్ట్‌లో రెండు రంగుల్లో ఉండేది, పై భాగానికి ఒక రంగు, కింది భాగానికి ఒక రంగు. దానికీ నికెల్ పూశారంటే పని బయట జరిగి ఉండొచ్చు.

ఇంకా సందేహం ఉంటే కోల్ట్ రికార్డుల నుంచి లేఖ తెప్పించుకోవచ్చు, ఆ నంబరు పిస్టల్ ఏ పూతతో, ఎప్పుడు, ఎక్కడికి వెళ్ళిందో రాసిస్తారు. లేఖ డబ్బులు వృథా కావు.

పూత తీయించి మళ్ళీ బ్లూ చేయిద్దామనే ఆలోచన మాత్రం వద్దు. పోయిన లోహం తిరిగి రాదు.

పెరంబూర్_ఫిట్టర్

కోల్ట్‌ని వెనకేసుకు రావాలని లేదు గానీ, ఎవరైనా 1903 చూసేటప్పుడు రకాలు తెలిసుండాలి. మొదటి రకానికి బ్యారెల్ 4 అంగుళాలు, మూతి దగ్గర విడి బుషింగ్. రెండో రకం బుషింగ్ ఉంచి 3¾కి తగ్గింది. మూడో రకం నుంచి బుషింగ్ పోయింది. నాలుగో రకంలో మ్యాగజైను సేఫ్టీ వచ్చింది, అంటే మ్యాగజైను తీస్తే కాలదు. మీది మూడో రకమో నాలుగో రకమో ఖాళీ పిస్టల్‌లో డమ్మీ తూటాతో మ్యాగజైను తీసి ట్రిగ్గర్ లాగితే తేలుతుంది. మూడో రకానికి మ్యాగజైను తీసినా చాంబరులోని తూటా కాలుతుందని ఇంట్లో అందరికీ తెలియాలి. ఈ తేడా తెలియకే పాత పిస్టళ్ళతో ప్రమాదాలు జరుగుతాయి.

విప్పేటప్పుడు బ్యారెల్‌ని తిప్పి విడదీయాలి. స్లైడు మీద గుర్తుని ఫ్రేము ముందు అంచుతో కలిపాకే బ్యారెల్ తిరుగుతుంది. గుర్తు కలవకుండా ప్లయర్లతో తిప్పినవాటికి మూతి దగ్గర పళ్ళ గాట్లు ఉంటాయి. కొనేముందు మూతిని ఆ కోణంలో కూడా చూడండి.

వైట్‌ఫీల్డ్_వి

హెచ్ఎస్‌సీ నంబరు 76తో అంటే కింది స్క్రూ బ్యాచికి చాలా దూరం. అమ్మేవాళ్ళు ఎక్కడో చదివిన మాటని తమ పిస్టల్‌కి తగిలించారు. కానీ మిగతా వివరాలు చూడండి: అంకెలు మూడుచోట్లా కలిశాయి, పూత అసలుది, పరీక్ష సరిగ్గా వచ్చింది. స్లైడు మీద కట్టర్ గీతలు కనిపించడం లోపం కాదు. యుద్ధం ముదిరేకొద్దీ మౌజర్‌లో పాలిష్ తగ్గించుకుంటూ పోయారు. ఆ గీతలు ఇంకా ఉన్నాయంటే ఎవరూ దాన్ని చక్రం మీద పెట్టలేదన్నమాట. ఇదే నాకు ఈ మూడింటిలో సేకరణకి తగినది. ధర కింది స్క్రూ ధర కాకుండా మామూలు యుద్ధకాలపు హెచ్ఎస్‌సీ ధరకి తేవాలి.

ఒక్క లోటు మ్యాగజైను ఒకటే ఉండటం. హెచ్ఎస్‌సీకి మ్యాగజైను లేకపోతే పిస్టల్ పని చేయదు కాబట్టి దాని పెదవుల్ని (తూటాని పట్టి ఉంచే పై అంచుల్ని) జాగ్రత్తగా చూడండి. పెదవులు విచ్చుకుంటే తూటా ముక్కు పైకెత్తి చాంబరు అంచుకి తగులుతుంది.

బసవనగుడి_32

అమెరికాలో బంధువు ఉన్నారు. స్ప్రింగులు, ఒక మ్యాగజైను పోస్టులో పంపమంటే సరిపోదా? చిన్న భాగాలే కదా.

రూలుపుస్తకం (చెన్నై)

వద్దు సార్, ఆ పని చేయకండి. 1959 ఆయుధాల చట్టంలో ‘ఆయుధాలు’ అనే నిర్వచనంలోనే వాటి భాగాలూ ఉన్నాయి. 45వ సెక్షన్ చిన్న భాగాలకి మినహాయింపు ఇస్తుంది, నిజమే. కానీ ఆ భాగాల్ని వాటికి జతయ్యే మిగతా భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేనప్పుడే. మీ చేతిలో హెచ్ఎస్‌సీ ఉండి, దానికోసమే మ్యాగజైను తెప్పిస్తే ఆ మినహాయింపు మీకు వర్తించదు. విడి భాగాలు లైసెన్సున్న డీలరు ద్వారానే, బిల్లుతో.

అదే సెక్షన్‌లో పాతకాలపు ఆయుధాల మాట చదివి ఇంకో పొరపాటు చేస్తారు. వందేళ్ళ కోల్ట్ పురాతన వస్తువే కదా, లైసెన్సు అక్కర్లేదనుకుంటారు. మినహాయింపు వాడుకలో లేని రకానికో, పురావస్తు విలువ ఉన్నదానికో, పాడైనదానికో ఇచ్చారు గానీ, మరమ్మతు చేసినా చేయకపోయినా అది తుపాకీగా పని చేయనిదై ఉండాలి. కాలే .32కి వయసెంతైనా లైసెన్సు కావాల్సిందే.

2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండే తుపాకులు. వారసత్వంగా వచ్చేదైనా ఆ రెండులోనే లెక్క. కాబట్టి మీరు ఇప్పుడు నింపే చోటు ఆఖరిది. తర్వాత ఇంకేదైనా మంచిది కనిపిస్తే ఇది అమ్మితే తప్ప అది రాదు.

వ్యక్తి నుంచి నేరుగా కొంటుంటే, అమ్మే ఆయన తన ఉద్దేశాన్ని జిల్లా మేజిస్ట్రేటుకో దగ్గరి పోలీసు స్టేషను అధికారికో రాతపూర్వకంగా తెలిపి 45 రోజులు ఆగాలి. అంతలోపల పిస్టల్ మీ చేతికి రాకూడదు, ‘చూసుకోండి, ఇంట్లో ఉంచుకోండి’ అన్నా సరే. డీలరు ద్వారా వెళ్తే మధ్యలో కాగితం తెగదు, నేనైతే అదే చెబుతాను.

పిస్టల్ మీద 7,65 మి.మీ. అని ఉంటుంది, మీ అనుమతిలో .32 అని ఉంటుంది. రెండూ ఒకటే తూటా. అయినా లైసెన్సులో ఎక్కించేటప్పుడు పిస్టల్ మీద ఉన్నది ఉన్నట్టుగా, నంబరు చివరి అక్షరంతో సహా రాయించండి. తర్వాత నంబరులో ఒక అక్షరం తేడా వచ్చినా సవరణకి తిరగాల్సి వస్తుంది.

స్టీలు_నూనె

తూటాల దగ్గర కూడా ఒక జాగ్రత్త. మన దగ్గర .32 పేరుతో రెండు రకాలు దొరుకుతాయి, పిస్టల్‌కి ఒకటి, రివాల్వర్‌కి ఇంకోటి. రివాల్వర్‌ది పొడుగు, అంచు పెద్దది, పిస్టల్ మ్యాగజైనులో పట్టదు. డబ్బా మీద ‘పిస్టల్’ అని చదివి తీసుకోండి.

పిస్టల్ తూటాకి కూడా అడుగున కొద్దిపాటి అంచు ఉంటుంది. నింపేటప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచు ముందు ఉండాలి. వెనక పడితే రెండూ కొక్కెంలా పట్టుకుని స్లైడు ఆగిపోతుంది. పొట్టి హాలో పాయింట్లలో తూటాలు ముందూ వెనకా జరిగే సందు ఎక్కువ, అందుకే అక్కడ ఇది తరచూ జరుగుతుంది. గుండ్రటి మూతివే వాడండి.

మైలాపూర్_మాష్టారు

దాచడం గురించి కూడా చెప్పేస్తాను, ఎందుకంటే అసలు పూత ఉన్న పిస్టల్ కొన్నాక దాన్ని అలా నిలుపుకోవడమే కష్టం. చెన్నైలో సముద్రపు ఉప్పుగాలి వల్ల వారానికోసారి తుడవాలి. బెంగళూరులో అంత లేదు, కానీ వానాకాలంలో గోడ బీరువాలు చెమ్మ పడతాయి. తోలు హోల్‌స్టర్‌లో పెట్టి దాచకండి, తోలు చెమ్మని పట్టుకుంటుంది, అందులోని రసాయనాలు బ్లూని తింటాయి. స్పాంజి పరిచిన పెట్టె కూడా అంతే. మెత్తని నూలుగుడ్డ మీద ఒక చుక్క పలచటి మినరల్ ఆయిల్‌తో తుడిచి, కెమెరాలకి వాడే డ్రై క్యాబినెట్ లోపల 45 శాతం తేమ దగ్గర ఉంచండి, ఆ క్యాబినెట్ తాళమేసే ఇనప బీరువాలో ఉండాలి. సిలికా జెల్ వాడితే రంగు మారినప్పుడల్లా వేడి చేసి ఆరబెట్టాలి, మర్చిపోయిన సిలికా జెల్ ఉన్నా లేనట్టే. నికెల్ పూత ఉన్నవాటి మీద అమోనియా ఉన్న క్లీనర్ పోయొద్దు, పూత కింద రాగిని తినేసి పొరలు లేస్తాయి.

ఎన్నికలప్పుడు ఆయుధాలు స్టేషనులోనో డీలరు దగ్గరో జమ చేయమంటారు. అసలు పూత పోయేది చాలావరకు అక్కడే. మామూలు గుడ్డసంచిలో ఇవ్వకుండా, తుప్పు నిరోధక కాగితంలో చుట్టి, నూనె పట్టించి, గట్టి మూత పెట్టెలో ఇవ్వండి.

బసవనగుడి_32

హెచ్ఎస్‌సీకే నిర్ణయించాను. కింది స్క్రూ మాట తీసేసి ధర చెప్పమన్నాను, ఒప్పుకున్నారు. డీలరు ద్వారానే. మ్యాగజైను పెదవులు రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయి. రేపు కాగితాలు వెళ్తాయి. రసీదులో ఏం రాయించాలి?

రూలుపుస్తకం

తయారీదారు పేరు, మోడల్, పిస్టల్ మీద ఉన్నట్టే క్యాలిబర్, ఫ్రేము నంబరు, స్లైడు లోపలా బ్యారెల్ మీదా ఉన్న అంకెలు, మ్యాగజైను ఎన్ని, దాని అడుగున ఏ ముద్ర ఉందో, గ్రిప్ ఏ రకమో. స్లైడు మూతి దగ్గర పలచబడ్డ బ్లూ గురించి కూడా రాయించి, అన్ని వైపులా తీసిన ఫోటోలు దానికి జత చేయండి. ఎన్నికల జమ రసీదులో కూడా ఇవే వివరాలు, ముఖ్యంగా మ్యాగజైను సంఖ్య. తిరిగి తీసుకునే రోజు కౌంటరు దగ్గరే విప్పి చూసుకున్నాకే సంతకం పెట్టండి.